క్వార్టర్ కప్పు మీద సిమెంటు రేకులు: వదిలేయాలా, రంగు వేయాలా, దింపేయాలా?

మా నాన్నగారు ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఫిట్టర్‌గా చేసేవారు. రెండో తరగతి నుంచి ఇంటర్ దాకా నేను పెరిగింది అక్కడి కాలనీలో, రేకుల కప్పున్న క్వార్టర్లో. కోతులు దూకినప్పుడల్లా ఏదో ఒక రేకు పగిలేది. సివిల్ సెక్షన్‌లో కంప్లయింట్ రాస్తే వారం పది రోజులకు ఇద్దరు కూలీలు వచ్చి, పగిలిన రేకును సుత్తితో కొట్టి ముక్కలు చేసి పెరట్లో పడేసి పోయేవాళ్లు. ఆ ముక్కతో గచ్చు మీద గీస్తే సుద్దముక్కలాగా తెల్లగా పడేది. మా తొక్కుడుబిళ్ల గళ్లన్నీ వాటితో గీసుకున్నవే. అమ్మ ఒక పెద్ద ముక్కను కోళ్లగూటికి అడ్డం పెట్టుకుంది. మమ్మల్ని ఎవరూ వద్దనలేదు. వద్దనాలని అక్కడ ఎవరికీ తెలియదు.

ఇప్పుడు మా చెల్లెలు వేరే ఊళ్లో అలాంటి క్వార్టర్లోనే ఉంటోంది. ఇద్దరు చిన్నపిల్లలు. "అన్నయ్యా, ఈ రేకులు క్యాన్సర్ తెస్తాయంటున్నారు, రంగు వేయిస్తే సరిపోతుందా, లేక మార్పించమని పట్టుబట్టాలా?" అని అడిగింది. తనకు చెప్పిందే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. రైల్వే క్వార్టర్లు, పోలీస్ లైన్లు, ప్రాజెక్టు క్యాంపు కాలనీలు, ఎక్కడైనా రేకుల కప్పు కింద కాపురం ఉంటున్నవాళ్లందరి ప్రశ్న ఇదే.

ముందు రేకు సంగతి. మనం సిమెంటు రేకు అంటున్నదాంట్లో ఎక్కువ భాగం సిమెంటు, బూడిదే. దాన్ని గట్టిగా పట్టి ఉంచేందుకు సుమారు పదో వంతు ఆస్బెస్టాస్ కలుపుతారు. తెలుగులో రాతినార అంటాం. కడప జిల్లా పులివెందుల దగ్గర ఒకప్పుడు దీని గనులుండేవి. ఇప్పుడు మన దేశానికి ఎక్కువగా రష్యా, కజకిస్తాన్‌ల నుంచి వస్తోంది. రేకుల్లో వాడే తెల్ల ఆస్బెస్టాస్‌తో సహా అన్ని రకాలూ మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. ఊపిరితిత్తుల క్యాన్సర్, వాటి చుట్టూ ఉండే పొరకు వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సర్, ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఆస్బెస్టాసిస్, ఇవీ దీనితో వచ్చే జబ్బులు. పొగతాగే అలవాటు కూడా ఉంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు చాలా రెట్లు పెరుగుతుంది. జబ్బు బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకే 1995లో సుప్రీంకోర్టు, ఈ పరిశ్రమల్లో పనిచేసేవారి ఆరోగ్య రికార్డులు ఉద్యోగంలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు లేదా ఉద్యోగం మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలని ఆదేశించింది. క్వార్టర్లో ఉండే పిల్లలకు అలాంటి రికార్డు ఎవరూ రాయరు.

అయితే తలమీద రేకు ఉన్నంత మాత్రాన రోజూ విషం పీలుస్తున్నట్టు కాదు. పగలని, పిండి రాలని రేకులో నార సిమెంటులో బిగిసి ఉంటుంది. కోసినా, రంధ్రం చేసినా, కొట్టినా, గీకినా, ఎండావానలకు పైపొర అరిగిపోయినా అది దుమ్ముగా గాల్లోకి లేస్తుంది. పీల్చిన ఆ దుమ్ముతోనే ప్రమాదం. చెల్లెలికి ఈ తేడా ముందు చెప్పాను, ఎందుకంటే తను రెండు రాత్రులు నిద్రపోలేదు. ఆ టెన్షన్ అక్కర్లేదు, జాగ్రత్త మాత్రం కావాలి.

ఇక మొదటి దారి, ఉన్నది ఉన్నట్టు వదిలేయడం. ఖర్చు లేదు, దుమ్ము లేదు. రేకు గట్టిగా ఉంటే ముట్టుకోకపోవడమే మంచిదని చాలా దేశాల్లో చెబుతారు. సొంత ఇంటికైతే నేనూ అదే అంటాను. మన ఇంటి కప్పు మీద ఏముందో మనకు తెలుసు, మేకు కొట్టేవాణ్ని ఆపగలం. క్వార్టర్ అలా కాదు. మూడేళ్లకో ఐదేళ్లకో ట్రాన్స్‌ఫర్, కొత్త కుటుంబం దిగుతుంది. వాళ్లు డిష్ గొడుగుకి రేకులో రంధ్రం చేయిస్తారు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కోసం కటింగ్ మెషీన్‌తో కోయిస్తారు. కోసే పిల్లవాడికి ముక్కుకు కర్చీఫ్ కూడా ఉండదు. ముందున్నవాళ్లకు తెలిసిన జాగ్రత్త వాళ్లతోనే వెళ్లిపోతుంది. పైగా రేకులు పెళుసు, మనిషి బరువుకి విరిగిపోతాయి. బంతి కోసం ఎక్కి లోపలికి పడిపోయినవాళ్ల కథ ప్రతి కాలనీలోనూ ఒకటుంటుంది. కోస్తాలో తుపాను సంగతి సరేసరి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు రేకులు కాగితాల్లా లేచిపోయాయి. అలా పగిలినవాటిని మర్నాడు పొడి చీపురుతో ఊడ్చి ఎత్తితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే క్వార్టర్ల విషయంలో 'వదిలేయడం' అనే దారి కాగితం మీదే బాగుంటుంది.

రెండోది రంగు. అధికారులకు ఇదంటే ఇష్టం, చౌక, త్వరగా అవుతుంది, ఫొటోలో బాగుంటుంది. మంచి కోటింగ్ వేస్తే అరిగిన పైపొర కొన్నేళ్లు బిగుస్తుంది, దుమ్ము తగ్గుతుంది. ఎండను వెనక్కి కొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ అయితే ఎండాకాలం ఇంట్లో వేడి కూడా తగ్గుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చాక ఆ రంగుల గురించి అందరికీ తెలిసింది. పాలసీని నేను తప్పుపట్టను, మన ఎండలకు అది కావాల్సిందే. నా భయం రంగుకు ముందు చేసే పని గురించి. పెయింటు పట్టాలంటే నాచు, మురికి పోవాలి. మనవాళ్లు ఇనప బ్రష్షుతో రుద్దుతారు, లేదా కార్లు కడిగే ప్రెషర్ పంపుతో కొడతారు. రేకు మీద చేయకూడని పనులు ఏవైనా ఉన్నాయంటే అవే. పొడిగా గీకితే నార గాల్లోకి లేస్తుంది. ప్రెషర్‌తో కొడితే నీళ్లతో పాటు పెరట్లోకి, గోడల మీదికి చేరి, ఆరాక మళ్లీ దుమ్మవుతుంది. పాత రేకును తడిపి, మెత్తటి బ్రష్షుతో నెమ్మదిగా తుడిచి, ముందు ప్రైమర్ వేసి, ఆపై రంగు వేయాలి. కాంట్రాక్టర్ అలా చేస్తాడన్న నమ్మకం లేకపోతే రంగు వేయకపోవడమే మేలు. ఇప్పటికే పగుళ్లున్న రేకుకు, అంచులు పిండిలా రాలుతున్న రేకుకు రంగు పనికిరాదు.

పాత రేకుల మీదే కొత్త ఇనప రేకులు పరిచే పద్ధతి కూడా కొన్నిచోట్ల ఉంది. దాని గురించి ఎక్కువ చెప్పను. పాత దూలాలు ఆ బరువు మోయాలి, బిగించడానికి పాత రేకులోనే మళ్లీ రంధ్రాలు చేయాలి. సమస్య మూతపడుతుంది, పోదు. లోపల ఫాల్స్ సీలింగ్ వేసుకోవడమూ అంతే. వేడి తగ్గుతుందని వేయించుకుంటారు, పైన రాలే దుమ్ము దాని మీద ఏళ్ల తరబడి పేరుకుని, ఏదో ఒక రోజు ఎలక్ట్రీషియన్ నెత్తిన పడుతుంది.

మూడోది, పూర్తిగా దింపేసి మార్చడం. నా ఓటు దీనికే. కానీ ఈ దారులన్నిటిలోనూ తప్పుగా చేస్తే అన్నిటికంటే హాని చేసేదీ ఇదే. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ఒకప్పుడు ఇళ్ల అటకల మీద విడి ఆస్బెస్టాస్ నార పోశారు. 1988 నుంచి 1993 దాకా ప్రభుత్వం దాన్ని తీయించింది. అయిపోయిందనుకున్నారు. గోడల సందుల్లో మిగిలే ఉందని తేలి, చివరికి 2014లో వెయ్యికి పైగా ఇళ్లను కొని కూల్చేసే పనికి దిగాల్సి వచ్చింది. మన రేకుల్లో నార అలా విడిగా ఉండదు, కాబట్టి మన పని దానికంటే చాలా సులువు. ఆ సులువును సుత్తితో పాడుచేసుకోకూడదు.

సరిగ్గా దింపడమంటే ఇది: రేకును సబ్బు కలిపిన నీళ్లతో తడపాలి. రేకును దూలానికి బిగించే కొక్కెం బోల్టులు (జె-బోల్టులు) తుప్పుపట్టి ఉంటాయి, రేకును కాకుండా బోల్టును కోయాలి. రేకును పగలకుండా చేతులతో కిందికి దించాలి, విసరకూడదు. మందపాటి పాలిథిన్‌లో రెండు పొరలు చుట్టి అతికించాలి. పనివాళ్లకు గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు సరిపోవు, సన్నటి దుమ్మును కూడా ఆపే పి-100 ఫిల్టరున్న మాస్కు, ఒంటి నిండా తొడుగు కావాలి. ఊడ్చకూడదు, తడిగుడ్డతో తుడవాలి. ఆ బట్టలు ఇంటికి తీసుకెళ్లకూడదు. ఈ చివరి మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. భర్తల పనిబట్టలు ఉతికిన ఆడవాళ్లకు మెసోథీలియోమా వచ్చిన సంగతి వైద్యరంగంలో బాగా నమోదైంది. బాయిలర్ పైపులకు చుట్టిన రాతినార తాళ్లు విప్పి వచ్చిన నాన్నగారి ఖాకీ చొక్కాను అమ్మ రోజూ బండ మీద దులిపి ఉతికేది.

దింపిన రేకులు ఎక్కడికి పోవాలన్నది కూడా ముందే తేలాలి. గుంతలు పూడ్చడానికి, కాలువ మీద మూతకు, వాచ్‌మన్ గుడిసెకు పోతే మనింటి ముప్పు ఇంకొకరికి అంటగట్టినట్టే. ఆస్బెస్టాస్ వ్యర్థాలను ఎలా పారేయాలో చెప్పే ఐ.ఎస్. 11768 అనే భారతీయ ప్రమాణం 1986 నుంచీ ఉంది. ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే కేంద్రాలు తెలంగాణకు దుండిగల్‌లో, ఆంధ్రప్రదేశ్‌కు విశాఖ దగ్గర పరవాడలో ఉన్నాయి. టెండరులో ఆ రవాణా ఖర్చు రాయకపోతే రేకులు కాలనీ వెనక చెరువు గట్టుకే చేరతాయి.

దించాక ఏం వేయాలి? స్లాబు వేయగలిగితే దానికి మించింది లేదు, కానీ పాత గోడలు ఆపలేవు, బడ్జెట్ రాదు. రంగు పూత ఉన్న ఇనప రేకులు తేలిక, త్వరగా అయిపోతుంది. వాన పడితే చెవులు మార్మోగుతాయి, ఎండకు కాలిపోతాయి, సముద్రం దగ్గర తుప్పు. కింద ఇన్సులేషన్ పొర, పైన అల్యూమినియం-జింక్ పూత ఉంటే ఈ బాధలు చాలావరకు తగ్గుతాయి. ఆస్బెస్టాస్ లేని ఫైబర్ సిమెంటు రేకులు కూడా దొరుకుతాయి. ఖరీదు ఎక్కువ, కానీ అదే మందం, అదే వంపు, ఎండకు వేడెక్కే తీరు కూడా దాదాపు పాత రేకులదే. ఒక్కటే చిక్కు, చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి. మన దేశంలో ఆస్బెస్టాస్ రేకుల తయారీ, అమ్మకం ఇప్పటికీ చట్టబద్ధమే కాబట్టి, ఇండెంట్‌లో (సరుకు కోసం ఆఫీసు రాసే కాగితంలో) ఊరికే 'సిమెంటు రేకులు' అని రాస్తే మళ్లీ అవే వస్తాయి. 'ఆస్బెస్టాస్ లేనివి, ల్యాబ్ సర్టిఫికెట్‌తో' అని అక్షరాలా రాయించాలి.

క్వార్టర్లకు ఒక మంచి అవకాశం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోవడం లేదు. ఒకరు ట్రాన్స్‌ఫర్ మీద ఖాళీ చేసి మరొకరు దిగేలోపు ఇల్లు వారాల తరబడి, కొన్నిచోట్ల నెలల తరబడి తాళం వేసి ఉంటుంది. సున్నాలు, బాత్రూమ్ రిపేర్లు అప్పుడే చేయిస్తారు. రేకులూ అప్పుడే దించాలి. ఇంట్లో పిల్లలుండరు, బియ్యం డబ్బాలుండవు, పరుపులుండవు. పక్కింటివాళ్లు ఆ రెండు రోజులు కిటికీలు మూసుకుంటే చాలు. ఏటా ఖాళీ అయ్యే క్వార్టర్లను ఇలా మార్చుకుంటూ పోతే కాలనీ మొత్తానికి ఒకేసారి బడ్జెట్ అడగక్కర్లేదు.

క్వార్టర్ వదిలేసి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) తీసుకుని బయటికి పోవడమూ ఒక దారే. రేకులు రాలుతూ ఉండి, ఆఫీసు కదలకపోతే పిల్లలున్నవాళ్లు అదే చేయాలి. అయితే చాలా ప్రాజెక్టు ఊళ్లలో బయట దొరికే అద్దె ఇళ్లూ రేకులవే.

చెల్లెలి క్వార్టర్ ఫొటోలు చూశాను. వంటింటి మీద మూడు రేకులు పగిలాయి, హాల్లోవి గట్టిగానే ఉన్నాయి. వంటింటి రేకులు వెంటనే తడిపి దించి మార్చాలని, మిగతావి ఖాళీ అయినప్పుడు మార్చే జాబితాలో చేర్చాలని, అప్పటిదాకా ఎవరూ వాటికి రంధ్రం చేయకుండా తలుపు లోపల నోటీసు అంటించాలని సివిల్ సెక్షన్‌కు అర్జీ రాసి ఇద్దరం కలిసి సరిచూసుకున్నాం. జవాబు రాకపోతే, కాలనీలో ఎన్ని క్వార్టర్లకు ఆస్బెస్టాస్ కప్పు ఉంది, దించిన రేకులు ఎక్కడికి పంపారు అన్న రెండు ప్రశ్నలతో సమాచార హక్కు దరఖాస్తు కూడా సిద్ధంగా ఉంది. పెరట్లో పడి ఉన్న పాత ముక్కలను బావగారు తడిపి, రెండు పొరల పాలిథిన్‌లో చుట్టి, పిల్లలకు అందని చోట పెట్టారు.