ఆడియో ఇంటర్‌ఫేస్ కొనేవాళ్లకి హెచ్చరిక: "జీరో లేటెన్సీ", "లూప్‌బ్యాక్" అన్న మాటలు నమ్మి నేను మునిగిన వైనం

ముందు ఒక్క మాట. మైకుని కంప్యూటర్‌కి కలిపే ఈ డబ్బా (ఆడియో ఇంటర్‌ఫేస్) పెట్టెలో వచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ కోడ్ చీటీని అప్పుడే గీకకండి. పరికరాన్ని రెండు మూడు రోజులు వాడి, మీ పనికి వస్తుందని తేలాకే దాని జోలికి వెళ్లండి. నేను పెట్టె విప్పిన పావుగంటలోనే రిజిస్టర్ చేసేశాను. నాలుగో రోజు రిటర్న్ పెడితే "లైసెన్స్ వాడేశారు, వెనక్కి తీసుకోం" అన్నారు. తీరా చూస్తే నిబంధనల్లో ఆ ముక్క నిజంగానే ఉంది, ఎక్కడో అడుగున.

నాకు కావలసింది పెద్ద స్టూడియో ఏమీ కాదు. మైకులో మాట్లాడితే గొంతు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లాలి, అక్కడ ఫ్యాను హోరు తగ్గాలి, కాస్త ఈక్యూ (బొంగురు, కీచు పాళ్లు సరిదిద్దడం), కాస్త కంప్రెషన్ (గొంతు హెచ్చుతగ్గులు సమం చేయడం) పడాలి, ఆ శుభ్రమైన గొంతు జూమ్‌లోకో, లైవ్ స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లోకో వెళ్లాలి. అట్ట మీద మూడు మాటలున్నాయి: జీరో లేటెన్సీ (ఆలస్యం సున్నా), ఏసియో డ్రైవర్ (విండోస్‌లో శబ్దాన్ని తక్కువ ఆలస్యంతో నడిపేది), లూప్‌బ్యాక్ (కంప్యూటర్‌లో మోగే శబ్దాన్ని తిరిగి ఇన్‌పుట్‌గా పంపడం). మూడింటిలో ఏదీ పచ్చి అబద్ధం కాదు, అదే అసలు తంటా.

జీరో లేటెన్సీ సంగతి చూడండి. అది డైరెక్ట్ మానిటరింగ్ గురించి. అంటే మైకు శబ్దం కంప్యూటర్ దాకా వెళ్లకుండా డబ్బాలోంచే హెడ్‌ఫోన్స్‌కి వచ్చేస్తుంది. ఆలస్యం ఉండదు, నిజమే. కానీ వినిపించేది పచ్చి గొంతు, మీరు వేసిన ఎఫెక్టులు అందులో ఒక్కటీ ఉండవు. ఎఫెక్టుతో వినాలంటే శబ్దం లోపలికి వెళ్లి బయటికి రావాలి. 48,000 శాంపిల్ రేట్ (సెకనుకి తీసే శబ్దపు ముక్కల లెక్క) దగ్గర బఫర్ (ఒక్కో విడతకి పోగుచేసే ముక్కలు) 512 పెడితే ఒక వైపుకే దాదాపు 10.7 మిల్లీసెకన్లు, రానుపోను 21 పైనే. 128 పెడితే ఒక వైపుకి 2.7కి దిగుతుంది. నేను దించాను. వెంటనే పెనంలో ఆవాలు వేగినట్టు చిటపటలు. ఆరా తీస్తే అట్ట మీద గొప్పగా రాసిన ఏసియో డ్రైవర్ వాళ్లు సొంతంగా రాసింది కాదు, విండోస్ మామూలు డ్రైవర్ మీద తొడిగిన తొడుగు. దానికి తోడు హోరు తగ్గించే ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) తన వంతు ఆలస్యం కలుపుతుంది. నేను వాడే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్‌లో ఎఫ్ఎక్స్ (ఎఫెక్టుల) కిటికీ అడుగున ఆ ఆలస్యం ఎన్ని శాంపిల్సో కనిపిస్తుంది, చూసుకోండి. అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి వైరు తగిలించి ఒక టిక్ శబ్దం రికార్డ్ చేసి కొలిస్తే, ప్లగిన్‌తో కలిపి నాకు తేలింది దాదాపు 60 మిల్లీసెకన్లు. సొంత గొంతు అంత వెనక వినిపిస్తుంటే నాలుక మడతపడుతుంది. (కాల్‌లో అవతలివాళ్లకి ఈ 60 పెద్దగా తెలియదు లెండి, బాధంతా మాట్లాడేవాడి చెవికే.)

అసలు దెబ్బ మాత్రం లూప్‌బ్యాక్‌తో పడింది. మొదటి కాల్‌లోనే అవతలి మనిషి "ఏమండీ, మీరు రెండుసార్లు మాట్లాడుతున్నారు. పైగా నా గొంతు నాకే తిరిగొస్తోంది" అన్నారు. నేనేమో ఇంటర్నెట్టే బాగాలేదనుకుని రూటర్ ఆపి పెట్టాను! అరగంట కుస్తీ పట్టాక తెలిసింది: ఈ డబ్బాలో లూప్‌బ్యాక్ నొక్కితే మైకు పచ్చి శబ్దమూ, కంప్యూటర్‌లో మోగే సమస్తమూ కలిపి ఒకే ముద్దగా పంపుతుంది. అంటే నా పచ్చి గొంతు ముందు, శుభ్రం చేసిన గొంతు దాని వెనకే, ఆ పైన అవతలివాళ్ల గొంతు. మైకుని ఆ ముద్దలోంచి తీసేసే వీలే లేదు. మంచి పరికరాల్లో లూప్‌బ్యాక్‌లోకి ఏది వెళ్లాలో మనమే ఎంచుకునే మిక్సర్ ఉంటుంది. కొనేముందు ఆ మిక్సర్ బొమ్మ మాన్యువల్‌లో ఉందో లేదో వెతకండి. మాన్యువల్ దొరక్కపోతే కొనకండి, అంతే.

ఉచిత సాఫ్ట్‌వేర్ అన్నది కూడా లైట్ వెర్షన్. బయటి ప్లగిన్లు ఎక్కవు. దానితో ఇచ్చిన ప్లగిన్లు ట్రయల్‌వి, కొద్ది నిమిషాలకోసారి శబ్దం ఆగిపోతుంది. లైవ్‌లో అలా ఆగితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా పని గడుస్తున్న తీరు ఇది. వీబీ-కేబుల్ అనే వర్చువల్ కేబుల్ (ఒక ప్రోగ్రాం శబ్దాన్ని ఇంకోదానికి చేర్చే సాఫ్ట్‌వేర్ వైరు) వేసుకున్నాను. రీపర్‌లో ఏసియో ఎంచుకుంటే ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ ఒకే పరికరం అయిపోతున్నాయి కాబట్టి వాసపీ (విండోస్ సొంత ఆడియో దారి) పెట్టి, ఇన్‌పుట్ మైకు, అవుట్‌పుట్ ఆ కేబుల్ ఇచ్చాను. జూమ్‌లో మైకు అన్నచోట కేబుల్‌నే ఎంచుకున్నాను. కాల్ శబ్దం మాత్రం నేరుగా హెడ్‌ఫోన్స్‌కే వెళ్తుంది, రీపర్ గుమ్మం తొక్కదు, అందుకే ప్రతిధ్వని పోయింది. అన్నిచోట్లా 48,000 ఉండేలా చూసుకోండి, ఒకచోట 44,100 ఉన్నా తలనొప్పే. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేయకపోతే మనం తీర్చిదిద్దిన గొంతుని అది మళ్లీ చెక్కుతుంది.

కడుపు మండే సంగతి ఇంకొకటి. ఒట్టి స్ట్రీమింగే అయితే ఇంత అవసరమే లేదు. ఓబీఎస్‌లోనే హోరు తగ్గించే ఫిల్టరు, కంప్రెసర్, గేటు (మాట లేనప్పుడు మైకుని మూసేది) ఉన్నాయి, వీఎస్‌టీ 2 రకం ప్లగిన్లు కూడా ఎక్కుతాయి. కాల్స్‌కి వాడాలంటే ఓబీఎస్ మానిటరింగ్ పరికరంగా అదే వర్చువల్ కేబుల్ ఇస్తే సరిపోతుంది. ఇది వారం ముందు తెలిసుంటే ఆ డబ్బా కొనేవాణ్నే కాదు.

అమ్మినవాళ్లకి మూడు మెయిళ్లు పెట్టాను. రెండింటికి "డ్రైవర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి" అని ఒకే జవాబు. మూడోదానికి ఇంకా ఏమీ రాలేదు. ఇదే అనుభవం ఎవరికైనా ఎదురై, కోడ్ వాడాక కూడా డబ్బు వెనక్కి రాబట్టుకుని ఉంటే ఎలా సాధించారో చెప్పండి.