క్రోనోగ్రాఫ్: సొంత తెర ఉన్నదా, ఫోను మీద ఆధారపడేదా? ఏది మేలు?

తూటా వేగం కొలిచే పరికరమే క్రోనోగ్రాఫ్. ఏ క్రోనోగ్రాఫ్‌లో ఫోనుతో బ్లూటూత్ తెగిపోకుండా నిలుస్తుందని అడిగేవారు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. వెలుతురు సాయంతో తూటాను పసిగట్టే పాతకాలపు ఆప్టికల్ పరికరాలతో తంటా అంతా వెలుతురు గురించి. తూటాను తాకి తిరిగొచ్చే రేడియో తరంగాలతో వేగం కొలిచే చిన్న డాప్లర్ రాడార్లు వచ్చాక ఆ గొడవ తగ్గి, ఫోను గొడవ మొదలైంది. కనెక్షన్ ఎప్పుడో ఒకప్పుడు తెగక మానదు, అది ఏ కంపెనీదైనా సరే. కాబట్టి నేను చూసేది ఇంకొకటి: తెగి ఉన్న సమయంలో పేల్చిన తూటా వేగం ఎక్కడైనా నమోదవుతుందా, లేక గాలిలో కలిసిపోతుందా?

ఈ లెక్కన మార్కెట్లో ఉన్నవి రెండు రకాలు. గార్మిన్ జీరో సీ1 ప్రో, యాథ్లాన్ రేంజ్‌క్రాఫ్ట్, లాబ్‌రాడార్ వంటివాటికి సొంత తెర, సొంత మెమరీ ఉంటాయి. యాప్ ఉన్నా, వేగం చూడటానికి అది తప్పనిసరి కాదు. ఎయిర్‌గన్ వాడేవారికి బాగా తెలిసిన ఎఫ్‌ఎక్స్ పాకెట్ క్రోనోగ్రాఫ్ రెండో రకం. దానికి తెర లేదు, వేగం కనబడాలంటే ఫోను ఉండాల్సిందే.

తేడా ఎక్కడ బయటపడుతుందో చెబుతాను. తూటాలో నింపే పేలుడు మందు మోతాదు కొంచెం కొంచెంగా పెంచుతూ, ఒక్కో మోతాదుకు మూడేసి తూటాలు పేలుస్తున్నారనుకోండి. ఐదో తూటా దగ్గర కనెక్షన్ తెగి వెంటనే మళ్లీ కలిసింది. మీ చూపు లక్ష్యం మీద ఉంది, ఫోను వైపు చూడలేదు. యాప్ మాత్రం ఆరో తూటాను ఐదోదిగా రాసుకుంటుంది. అక్కడి నుంచి ప్రతి అంకె ఒక స్థానం ముందుకు జరిగి, తర్వాతి మోతాదులోని మొదటి తూటా ముందు మోతాదు ఖాతాలో పడుతుంది. చివర్లో ఒకటి తక్కువ వచ్చిందని తెలుస్తుంది కానీ, తప్పిపోయింది ఏదో తెలియదు. పోయినది అన్నిటికంటే వేగంగా వెళ్లినదైతే ప్రామాణిక విచలనం (వేగాలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) ఉన్నదానికంటే అందంగా కనిపిస్తుంది. అసలు అంకె లేకపోవడం కంటే ఇదే ప్రమాదం, ఎందుకంటే దీన్ని నమ్మేస్తాం.

కనెక్షన్ ఎందుకు తెగుతుందన్న విషయంలో అపోహలు చాలా ఉన్నాయి. రాడారే బ్లూటూత్‌ను చెడగొడుతుందని కొందరి అనుమానం. ఈ రాడార్లు పనిచేసేది 24 గిగాహెర్ట్జ్ పరిసరాల్లో, బ్లూటూత్ 2.4లో. పదింతల దూరం. పక్కవారి రాడార్ వల్ల తప్పుడు రీడింగ్ వస్తే అది వేరే సమస్య. బ్లూటూత్‌కు అసలు అడ్డు మన ఒళ్లే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు బాగా పీల్చుకుంటుంది, మన శరీరంలో సగానికి పైగా నీరే. ఫోను వెనుక జేబులో, పరికరం తుపాకి పక్కన ఉంటే మధ్యలో ఉన్నది మీరే. ఫోను బల్ల మీద పెడితే చాలు. సిగ్నల్ కాస్త బలహీనపడినంత మాత్రాన అంకెలు పోవు. అందని సమాచారాన్ని బ్లూటూత్ మళ్లీ పంపుతుంది, రద్దీగా ఉన్న చానళ్లను వదిలి వేరేవాటికి మారుతుంది. లింకు పూర్తిగా తెగినప్పుడే నష్టం.

లింకు తెగడానికి కారణం ఎక్కువసార్లు రేడియో కాదు, ఫోను. తెర ఆరగానే బ్యాటరీ పొదుపు పేరుతో యాప్‌ను నిద్రపుచ్చుతుంది. మరో చిక్కు: సాధారణంగా ఇవి ఒకసారికి ఒక్క ఫోనుతోనే మాట్లాడతాయి. సంచిలో ఉన్న పాత ట్యాబ్లెట్ ముందే దాన్ని పట్టేసుకుంటే, చేతిలోని ఫోనుకు పరికరం ఎంతకీ కనబడదు. దొరకలేదని పరికరాన్ని తిట్టుకోవడం ఎందుకు, ముందు ట్యాబ్లెట్‌లో బ్లూటూత్ ఆపి చూడండి. ఆండ్రాయిడ్ 11 వరకు లొకేషన్ అనుమతి, 12 నుంచి దగ్గరి పరికరాల అనుమతి ఇవ్వకపోయినా ఇదే తంతు.

ఇవన్నీ సొంత తెర ఉన్నవాటికీ వర్తిస్తాయి. వాటి యాప్‌లూ మొరాయిస్తాయి, సింక్ మధ్యలో ఆగుతుంది. కానీ అంకెలు పరికరంలోనే భద్రంగా ఉంటాయి కనుక సింక్ సాయంత్రం తీరిగ్గా చేసుకోవచ్చు. నా ఓటు అందుకే వీటికి. కొనేముందు ఒక పరీక్ష చేయండి: ఫోను ఆపేసి కొన్ని తూటాలు పేల్చి, తర్వాత యాప్ తెరిచి అన్నీ వరుస తప్పకుండా వచ్చాయా చూడండి. ఉత్తరోత్తరా ఇబ్బంది పెట్టేది ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఒక్కటే. అది ఫోను ద్వారా చేయాల్సిన పరికరమైతే, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, ఇంట్లోనే కానివ్వండి.

వైరు రకాల గురించి రెండు మాటలు. మాగ్నెటోస్పీడ్‌లో సెన్సరు నుంచి తెరకు వైరే, కాబట్టి వైర్‌లెస్ బెడద లేదు. కానీ సెన్సరును బ్యారెల్‌కే (తుపాకి గొట్టానికే) కట్టాలి, ఆ బరువుకు తూటా తగిలే చోటు మారవచ్చు. వేగం, గ్రూపు (లక్ష్యం మీద తూటాలు ఎంత దగ్గరగా పడ్డాయన్నది) ఒకేసారి కొలవాలనుకునేవారికి అది పనికిరాదు. ఫోను హెడ్‌ఫోన్ రంధ్రానికి వైరు తగిలించే ఆప్టికల్ రకాలు ఉన్నా, కొత్త ఫోన్లు చాలావాటికి ఆ రంధ్రమే లేదు.

ఎయిర్‌గన్ వారి సంగతి వేరు. ఒక పెల్లెట్ (ఎయిర్‌గన్‌లో వాడే చిన్న గుండు) వేగం తప్పిపోతే మరొకటి పేల్చుకోవచ్చు, ఖర్చూ శ్రమా స్వల్పం. వారికి చిన్నగా, తేలిగ్గా ఉండే ఫోను రకమే సుఖం. తెర ఆరకుండా పెట్టుకుని, యాప్‌ను బ్యాటరీ పొదుపు జాబితా నుంచి తప్పిస్తే చాలావరకు సాఫీగా నడుస్తుంది.