టైట్‌వీఎన్‌సీ: పదకొండేళ్ల వాడకం తర్వాత

ఏలూరు, గుడివాడ, తెనాలి శాఖల్లోని కంప్యూటర్లను విజయవాడ ఆఫీసు నుంచే సరిచేయడం నా ఉద్యోగం. అందుకు పదకొండేళ్లుగా, దూరంలో ఉన్న కంప్యూటర్ తెరను చూస్తూ దాన్ని నడిపించే టైట్‌వీఎన్‌సీ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ఉచితంగా దొరుకుతుంది, పాత కంప్యూటర్ల మీద కూడా భారం వేయదు. అయితే పాస్‌వర్డులో మొదటి 8 అక్షరాలనే లెక్కలోకి తీసుకుంటుంది, తెర మీది సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేయదు, అంటే ఇతరులు చదవలేని రహస్య రూపంలోకి మార్చకుండానే పంపుతుంది. కాబట్టి అది కనెక్షన్ల కోసం వాడే 5900 పోర్టును (నెట్‌వర్క్ ద్వారాన్ని) నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకుండా, వీపీఎన్ అనే సురక్షితమైన ప్రైవేటు నెట్‌వర్క్ లోపలే వాడాలి.

గత ఏడాది మా యాంటీవైరస్ దీన్ని ప్రమాదకరమైన సాఫ్ట్‌వేర్‌గా గుర్తించి మూడు శాఖల్లోనూ తీసేసింది. జీతాలు వేయాల్సిన రోజు కావడంతో బస్సెక్కి తెనాలి వెళ్లాను. కోపం వచ్చినా, ఆ అనుమానం పూర్తిగా తప్పని అనలేకపోయాను. 1998లో కల్ట్ ఆఫ్ ది డెడ్ కౌ అనే అమెరికా హ్యాకర్ల బృందం డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సదస్సులో విడుదల చేసిన బ్యాక్ ఆరిఫిస్ అనే ప్రోగ్రామును కూడా దూరం నుంచి కంప్యూటర్‌ను నిర్వహించే సాధనమనే చెప్పారు. కాకపోతే అది విండోస్ 98లో నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాలో కనబడకుండా దాక్కునేది.

టైట్‌వీఎన్‌సీ దాక్కోదు. గడియారం పక్కన దాని గుర్తు ఉంటుంది, ఎవరైనా కనెక్ట్ అయితే రంగు మారుతుంది. కానీ సెట్టింగుల్లో ఒక్క టిక్ తీసేస్తే ఆ గుర్తు మాయమవుతుంది. సిబ్బందికి తెలియకుండా వాళ్ల తెరలు చూసే ఏర్పాటు చేయమని ఒక శాఖ మేనేజరు నన్ను అడిగింది సరిగ్గా ఇదే. నేను ఒప్పుకోలేదు. ఆ టిక్ తీసిన క్షణం నుంచి నా చేతిలో ఉన్నది మరమ్మతు సాధనం కాదు. ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అస్సలు నచ్చని అంశం ఇదే, గుర్తును దాచే ఈ వీలును తొలగించాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఆ తర్వాత అన్ని శాఖల్లోనూ అనుమతి అడిగే పద్ధతి పెట్టాను. 30 సెకన్లలో అవతలివారు ఒప్పుకోకపోతే కనెక్షన్ తిరస్కరించబడుతుంది. దీనివల్ల రాత్రిపూట ఎవరూ లేనప్పుడు పని చేసుకోలేకపోతున్నాను, ఆ ఇబ్బంది భరించదగ్గదే. అయితే అనుమతి ఒక్కటే చాలదని 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన హెచ్చరికతో అర్థమైంది. మోసగాళ్లు బాధితుల చేతనే వాళ్ల ఫోన్లలో ఎనీడెస్క్ అనే ఇలాంటి యాప్‌నే వేయించి, తొమ్మిది అంకెల కోడ్ చెప్పించుకుని, యూపీఐ ద్వారా డబ్బు లాగేవారు. అందుకే ఇప్పుడు ముందు ఫోన్ చేసి, ఏ ఫైలు తెరుస్తానో చెప్పాకే కనెక్ట్ అవుతున్నాను. తెనాలి అకౌంటెంటు గారు మాత్రం పని అయిపోగానే, “సార్, గుర్తు రంగు మళ్లీ మామూలైంది, మీరు వెళ్లిపోయినట్టేగా?” అని ప్రతిసారీ అడుగుతారు.