పిల్లల ట్రామాలో కెరీర్: థెరపీయా, రీసెర్చా... ఏది మేలు?

క్లినికల్ సైకాలజీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. పిల్లల ట్రామాలోనే, అంటే ఘోరమైన అనుభవం పిల్లల మనసుకి చేసే గాయం మీదే, పని చేయాలని గట్టిగా అనుకున్నారు, కానీ పిల్లల ముందు కూర్చుని చికిత్స చేసే దారిలో వెళ్లాలా, పరిశోధన వైపు వెళ్లాలా అన్నది మాత్రం తేలట్లేదు. నేను రెండూ చేశాను, ఇప్పటికీ చేస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మొదట కనీసం మూడు నాలుగేళ్లు థెరపీ గదిలో కూర్చోండి, ఆ తర్వాతే రీసెర్చ్. దీనికి ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలోనూ బలం ఉంది, అదీ చెప్తాను.

ముందు గది సంగతి. ఒక ఆరేళ్ల బాబు (ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను), కళ్ల ముందే కారు ప్రమాదం చూశాడు. వచ్చిన ప్రతిసారీ ఒకటే బొమ్మ కారు తీసుకునేవాడు, గోడ దాకా నడిపి గుద్దించేవాడు, మళ్లీ వెనక్కి తెచ్చి మళ్లీ గుద్దించేవాడు. ఏడు వారాలు ఇంతే. వాళ్లమ్మ తలుపు దగ్గర నిలబడి, "ఆడుకుంటున్నాడు కదా మేడమ్, బాగానే ఉన్నట్టేగా?" అనేది. "వాడి మొహం చూడండి అమ్మా, ఆటలో సరదా కనిపిస్తోందా?" అన్నాను. ఆవిడ చాలాసేపు చూసి ఏం మాట్లాడలేదు. ఎనిమిదో వారం వాడు కారు గుద్దించి, షెల్ఫ్ దాకా వెళ్లి, అంబులెన్స్ తెచ్చి పక్కన పెట్టాడు. అంతే, ఆ రోజు జరిగింది అంతే, కానీ కథ ముందుకి కదిలింది. థెరపీలో ఉండే ఫలితం ఇలా ఉంటుంది, మీ చేతిలో మీ కళ్ల ముందు జరుగుతుంది, ఏ జర్నల్‌లోనూ రాదు.

చికిత్సలోనూ దారులు ఒకటి కాదు. ట్రామా మీద దృష్టి పెట్టిన సీబీటీ (ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చుకోవడం నేర్పే చికిత్స) జుడిత్ కోహెన్, ఆంథొనీ మనరినో, ఎస్తర్ డెబ్లింజర్ తయారు చేసింది; 3 నుంచి 18 ఏళ్ల వాళ్లకి, మామూలుగా 12 నుంచి 16 సెషన్లు, పిల్లతో కొంతసేపు, పెంచేవాళ్లతో కొంతసేపు. ఆరేళ్ల లోపు పిల్లలకైతే అలీసియా లీబర్‌మాన్, పట్రీషియా వాన్ హార్న్ వాళ్ల పద్ధతి ఉంది, అందులో తల్లీ బిడ్డా ఒకే గదిలో కలిసి కూర్చుంటారు, దాదాపు ఏడాది పడుతుంది. మొదటిది త్వరగా నేర్చుకోవచ్చు, మెట్లు స్పష్టంగా ఉంటాయి, కొత్తవాళ్లకి అదే మేలు. రెండోదానికి ఓపిక కావాలి, మంచి సూపర్‌వైజర్ లేకుండా మొదలుపెట్టకండి.

ఇక గదిలో కూర్చునేవాళ్లకి ఉండే పెద్ద ప్రమాదం: మనం చూసిందే నిజమనుకోవడం. పిల్లలు చాలామంది కాలంతో పాటు వాళ్లంతట వాళ్లే కోలుకుంటారు, ఆ మెరుగంతా మన చికిత్స వల్లేనని మనకి అనిపిస్తుంది. ఘోరం జరిగిన కొద్ది రోజుల్లోనే అందరినీ ఒకసారి కూర్చోబెట్టి జరిగింది మొత్తం చెప్పించే డీబ్రీఫింగ్ ఒకప్పుడు విపరీతంగా నడిచింది. వచ్చినవాళ్లు థాంక్స్ చెప్పి వెళ్లేవారు, చేసేవాళ్లకి మేలు చేస్తున్నామన్న నమ్మకం ఉండేది. తర్వాత పెద్దవాళ్ల మీద సరైన ట్రయల్స్ చేసి చూస్తే, ఆ ఒక్క సెషన్ పీటీఎస్‌డీని (ఘోరం జరిగాక చాలాకాలం వదలకుండా వేధించే మానసిక సమస్య) ఆపలేదని తేలింది, కొన్నింటిలో అది తీసుకున్నవాళ్ల పరిస్థితే ఇంకా బాగాలేదు. మంచి మనసుతో చేసిన పని కూడా తప్పు కావచ్చని నాకు చెప్పింది రీసెర్చే. దానికి నేనెప్పుడూ రుణపడి ఉంటాను.

పరిశోధన ఏం చేయగలదో చూడాలంటే రొమేనియా చూడండి. చార్ల్స్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్ల్స్ జీనా బుకారెస్ట్‌లో అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది పసివాళ్లని తీసుకుని, చీటీలు వేసినట్టు సగం మందిని పెంపుడు కుటుంబాలకి పంపారు, సగం మంది మామూలు ఏర్పాటులోనే ఉన్నారు (వాళ్లకి ఏదైనా కుటుంబం దొరికితే వెళ్లకుండా ఎవరూ ఆపలేదు). రెండేళ్ల లోపు కుటుంబంలోకి వెళ్లిన పిల్లలు చాలా విషయాల్లో మెరుగ్గా ఎదిగారు. 2004లో ఆ దేశం, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లని మినహాయించి, రెండేళ్ల లోపు పిల్లల్ని అలాంటి సంస్థల్లో పెట్టకూడదని చట్టం చేసింది. ఒక థెరపిస్టు జీవితమంతా కూర్చున్నా అంతమంది పిల్లల దాకా చేరలేడు. కానీ ఆ రెండో సగంలో పడ్డ 68 మంది గురించి ఆలోచించకుండా నేను ఆ పేపర్ ఎప్పుడూ చదవలేకపోయాను. రీసెర్చ్‌కి వెళ్లాలంటే ఆ బరువు మోయగలరా అని ముందు మిమ్మల్ని మీరు అడగండి, ఎథిక్స్ కమిటీ అడిగేలోపే.

అయినా గదే ముందు అని ఎందుకంటున్నానంటే, పిల్లల్ని దగ్గర నుంచి చూడకుండా తయారు చేసిన కొలతలు తప్పు కొలుస్తాయి. పీటీఎస్‌డీ 1980లో డీఎస్ఎమ్‌లోకి (మానసిక సమస్యల్ని గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే పుస్తకం) వచ్చింది, లక్షణాలు పెద్దవాళ్లకి సరిపోయేట్టు రాశారు. మూడేళ్ల పాప తనకి పీడకలలు వస్తున్నాయని, ఆ జ్ఞాపకం వదలట్లేదని మాటల్లో ఎలా చెప్తుంది? 1995లో మైఖేల్ షెరింగా, పైన చెప్పిన జీనా, ఇంకొందరు కలిసి పసివాళ్లలో కళ్లకి కనిపించే లక్షణాలతో, అంటే ఆట, ప్రవర్తన చూసి పట్టుకునేలా, వేరే ప్రమాణాలు ప్రతిపాదించారు. ఆరేళ్లు, అంతకు లోపు పిల్లలకి ప్రత్యేక విభాగం డీఎస్ఎమ్-5లో వచ్చేసరికి 2013. అంటే 18 ఏళ్లు. రీసెర్చ్‌లో ఓపిక అంటే ఇది.

నా సొంత తప్పు ఒకటి. మొదట్లో ఒక అధ్యయనంలో డేటా సేకరించేదాన్ని. గత నెలలో ఇలా ఎన్నిసార్లు అనిపించింది, సున్నా నుంచి నాలుగు వరకు ఒకటి గుర్తు పెట్టు, ఇలాంటి ప్రశ్నలు. ఒక పదేళ్ల పాప అన్నిటికీ సున్నా చుట్టేసింది, చకచకా, పెన్సిల్ ఎత్తకుండా. లక్షణాలు లేవని రాసుకున్నాను. వాళ్లమ్మ ఆ పాప కుర్చీకి ఆనుకునే కూర్చుందన్న సంగతి ఆ రాత్రి గుర్తొచ్చింది. మర్నాడు పాపని ఒక్కదాన్నే కూర్చోబెట్టి మళ్లీ అడిగితే నాలుగులు, మూడులు వచ్చాయి. థెరపీ చేసినవాళ్లకి ఆ కుర్చీ ముందే కనిపించేది.

బాల్యంలో ఎన్ని రకాల కష్టాలు పడ్డారో లెక్కపెట్టే ఏస్ (ACE) స్కోర్ సంగతీ అంతే. విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా 1998లో ప్రచురించిన ఆ అధ్యయనం బాల్యంలో పడ్డ కష్టాలకీ పెద్దయ్యాక వచ్చే గుండెజబ్బు లాంటి వాటికీ సంబంధం చూపించింది, గొప్ప పని. కానీ అది జనాభా మొత్తాన్ని చూడటానికి చేసిన లెక్క, మీ ఎదురుగా ఉన్న పిల్ల భవిష్యత్తు చెప్పే జాతకం కాదు. ఆండానే 2020లో ఇంకొందరితో కలిసి, దాన్ని ఒక్కో మనిషికి ఇలా వాడటం సరికాదని రాశారు.

కష్టం విషయానికొస్తే రెండింటిలోనూ ఉంది, రకం వేరు. గదిలో విన్నవి ఇంటికి వెంట వస్తాయి, నిద్ర పాడవుతుంది, వారానికి ఎన్ని ట్రామా కేసులు తీసుకోవాలో హద్దు పెట్టుకోకపోతే కొన్నేళ్లకే ఖాళీ అయిపోతారు. రీసెర్చ్‌లో గ్రాంట్ టెన్షన్, పేపర్ల టెన్షన్, మధ్యలో మానేసి వెళ్లిపోయే కుటుంబాలు.

మొదట రీసెర్చే అనేవాళ్ల వాదన ఏమిటంటే, గణాంకాలు, స్టడీ డిజైన్ కెరీర్ మొదట్లోనే నేర్చుకోవాలి, నలభైల్లో మొదలుపెడితే కష్టం అని. నిజమే. అందుకే గదిలో ఉన్న ఆ మూడు నాలుగేళ్లలో కూడా మీ కేసులన్నిటికీ మొదట, మధ్యలో, చివర కొలతలు తీసుకోండి, ఎవరి అధ్యయనంలోనైనా చిన్న పని పట్టుకోండి.

రెండూ కలిపి చేయాలన్న ఆలోచన కొత్తదేం కాదు, 1949లో అమెరికాలో సైకాలజీ శిక్షణ మీద జరిగిన బౌల్డర్ సమావేశం సైకాలజిస్టు శాస్త్రవేత్తగానూ చికిత్సకుడిగానూ తయారవ్వాలంది, 1973లో అమెరికాలోనే జరిగిన వేల్ సమావేశం చికిత్సకే ప్రాధాన్యమిచ్చే శిక్షణకీ దారి తెరిచింది. కాగితం మీద బౌల్డర్ అందంగా ఉంటుంది. ఉద్యోగంలో మాత్రం రెండూ అన్న పేరుతో తీసుకుని, కేసులు పెరిగేకొద్దీ రీసెర్చ్ గంటలు మింగేస్తారు, నాకూ ఒకచోట అలాగే జరిగింది, రెండేళ్లు డేటా ఫైల్ తెరవలేదు. అందుకని అలాంటి పోస్టులో చేరేముందు వారంలో రీసెర్చ్‌కి ఎన్ని గంటలో ఆర్డర్‌లో రాయించుకోండి, మీ కేసులకి సూపర్‌విజన్ ఎవరిస్తారో పేరు అడగండి, ఇంతకుముందు ఆ పోస్టులో ఉన్నవాళ్లకి ఫోన్ చేసి ఎందుకు మానేశారో కనుక్కోండి.