గోదావరి లంకలో బండికి ‘ఫుల్ ఇన్సూరెన్స్’: ఆరేళ్లు కట్టాక నా అనుభవం

"ఫుల్ ఇన్సూరెన్స్ ఉందండి, మీకేం భయం లేదు" అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మాట నమ్మి 2022లో 13,600 రూపాయలు జేబులోంచి పెట్టుకున్నవాణ్ణి నేను.

మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరు. రోజూ అమలాపురం వెళ్లి రావాలి. 2019 అక్టోబరులో 125 సీసీ బండి తీసుకున్నాను. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టేదని, అది లేకుండా రోడ్డెక్కితే ఎంత ఫైన్ వేస్తారో అందరికీ తెలిసిందే కాబట్టి ఆ జోలికి పోను. నేను రాయాలనుకున్నది మన బండికే జరిగే నష్టానికి మనం కట్టుకునే ఓన్ డ్యామేజ్ గురించి. అందులోనూ ముఖ్యంగా నీళ్లు, ఇంజిన్ సంగతి.

రెండో ఏడు రెన్యువల్‌కి ఏజెంటు జీరో డెప్, అంటే సామాను పాతబడిందని తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్, కలపమన్నాడు. "బంపర్ టు బంపర్ అండి, అన్నీ వచ్చేస్తాయి" అన్నాడు. కలిపాను. 2021 వేసవిలో రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర రోడ్డు మీద పడి ఉన్న ఆకుల మీద బండి జారింది. హెడ్‌లైట్ డూమ్, రెండు ఇండికేటర్లు, ముందు మడ్‌గార్డ్ పోయాయి. మామూలు పాలసీ అయితే ప్లాస్టిక్, రబ్బరు సామాన్లకి సగం ధరే లెక్కగడతారు. నాకు మాత్రం తప్పనిసరి కోత వంద రూపాయలు పోను దాదాపు బిల్లంతా వచ్చింది. ఇక ఆ రోజు నుంచి టీ కొట్టు దగ్గర కనబడిన ప్రతివాడికీ చెప్పడమే. జీరో డెప్ లేని ఇన్సూరెన్స్ దండగ అని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. అందులో కొందరు నా మాట మీదే కట్టారు. తలుచుకుంటే బాధగా ఉంటుంది.

2022 జులైలో వరదొచ్చింది. మాకు పెద్ద వరద అంటే ఆగస్టు. జులైలోనే భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటుతుందని, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వదులుతారని ఎవరనుకున్నారు? 1986 వరద చూసిన పెద్దవాళ్లు మాత్రం "ఇది అంత పనీ చేసేలా ఉంది" అన్నారు. పశువుల్ని గట్టు మీదికి తోలేసి, బండిని అరుగు మీదికి ఎక్కించి పీచుతాడుతో స్తంభానికి కట్టేసి, పడవెక్కి అంబాజీపేటలో మా అత్తగారింటికి వెళ్లిపోయాం. అరుగు దాకా నీళ్లు రావనే ధైర్యం.

అయిదు రోజుల తర్వాత వచ్చి చూస్తే గోడ మీద నీటి చార నా నడుము ఎత్తున ఉంది. బండి కట్టిన చోటే ఉంది, సీటు మీద మాత్రం అంగుళం మందాన ఒండ్రు. మీటరు అద్దంలో నీళ్లు సగానికి నిలిచిపోయి, బండిని కదిలిస్తే అటూ ఇటూ ఊగుతున్నాయి. అది చూశాక కూడా నాకు బుద్ధి రాలేదు.

మా బావమరిది సాయానికి వచ్చాడు. "ఓసారి కొట్టి చూద్దాం బావా, కార్బురేటర్ బండే కదా" అన్నాడు. మోటారు పెట్టి కడిగాం, ప్లగ్గు విప్పి ఆరబెట్టాం. సెల్ఫ్ పలకలేదు, బ్యాటరీ చచ్చిపోయింది. కిక్కు కొట్టాం. నేనో పది, వాడో పది. ఆఖరికి తెల్లటి పొగ కక్కుతూ స్టార్టయింది. ఇంటిల్లిపాదీ బయటికొచ్చి సంబరపడ్డారు. మా ఆవిడ దిష్టి తీస్తానంది. వాడు ఎక్కి రామాలయం దాకా నడిపాడు. అక్కడ లోపల్నుంచి టకటకమని చప్పుడొచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత కిక్కు రాడ్డు కిందికి దిగితే ఒట్టు. ఇంజిన్ పట్టేసింది.

మెకానిక్ కింద డ్రెయిన్ బోల్టు తీస్తే నల్లటి ఆయిల్ రావాల్సిన చోట పాల టీ కారినట్టు కారింది. చివర్న కొంచెం వేలికి తీసుకుని బొటనవేలితో రుద్ది చూపించాడు. గరగరలాడింది, సన్నటి ఇసుక. "మునిగిన బండిని కొట్టకూడదండి. విప్పి కడిగి, రెండు మూడు సార్లు ఆయిల్ మార్చి అప్పుడు కొట్టాలి. ఈ మట్టి ఆయిల్‌తో తిరిగితే బేరింగులు ఉంటాయా?" అన్నాడు. ఆ ముక్క చెప్పేవాడు ఒక్కడు రెండు గంటల ముందు దొరికుంటే!

క్లెయిముకి ఫోన్ చేశాను. కంపెనీ తరఫున పరిశీలనకు ఒకాయన వచ్చాడు, మంచి మనిషే. ఫోటోలు తీసుకున్నాడు. "నీళ్లు దిగాక స్టార్ట్ చేశారాండీ?" అని అడిగాడు. "ఆయ్, చేశామండి, రామాలయం దాకా నడిచింది కూడా" అన్నాను, బండి కండిషన్ చెబుతున్నట్టుగా. ఆయన తలొంచుకుని రాసుకున్నాడు. నా క్లెయిమ్ తేలిపోయింది ఆ నిమిషంలోనే, నాకు తెలీలేదంతే.

నెల తర్వాత లెక్క వచ్చింది. సీటు, వైరింగు, మీటరు, బ్యాటరీ, బ్రేకులు కలిపి 9,400 బిల్లు, అందులో దాదాపు తొమ్మిది వేలు ఇచ్చారు. క్రాంకు, పిస్టన్, బ్లాకు, గేరుబాక్సు బేరింగులు, విప్పి బిగించిన కూలి కలిపి 13,600 ఇవ్వం అన్నారు. కారణం ఏమిటంటే, వరదలో మునగడం వల్ల జరిగిన నష్టం పాలసీలో ఉంది. మునిగిన బండిని స్టార్ట్ చేయడం వల్ల ఆ తర్వాత జరిగింది పర్యవసాన నష్టం, అది పాలసీలో లేదు. నా ఇంజిన్ వరదలో పోలేదు, రామాలయం దారిలో పోయింది. వాళ్ల లెక్క అది.

మరి జీరో డెప్? జీరో డెప్ చేసేది ఒకటే: ఇచ్చే సామానుకు తరుగు కోయకుండా ఇస్తుంది. ఏ నష్టానికి ఇస్తారు, దేనికి ఇవ్వరు అన్న జాబితాలో అది వేలు పెట్టదు. ‘ఫుల్’ అన్నా, ‘బంపర్ టు బంపర్’ అన్నా అది ఏజెంట్ల మాటే, పాలసీ కాగితంలో ఆ మాట ఎక్కడా లేదు. నేను మొత్తం కాగితం చదివింది డబ్బు పోయాకే.

కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాను, అదే జవాబు వచ్చింది. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి పైసా ఖర్చు లేకుండా ఫిర్యాదు చేసుకోవచ్చు. మన రెండు రాష్ట్రాలతో పాటు యానాం కూడా ఆ ఆఫీసు కిందికే వస్తుంది. నేను వెళ్లలేదు. స్టార్ట్ చేశానని చెప్పింది నేనే, కాగితంలో రాసున్నదీ అదే. నా కోపం కంపెనీ మీద కన్నా, మూడేళ్లు నా దగ్గర డబ్బు కట్టించుకుని ఒక్కసారి కూడా "మునిగితే స్టార్ట్ చెయ్యకండి" అని చెప్పని ఏజెంటు మీద. లంక ఊళ్లో పాలసీ అమ్మేవాడు మొట్టమొదట చెప్పాల్సిన మాట అది కాదా?

మా పెదనాన్నగారి అబ్బాయిది ఇంకో కథ. అదే వరదలో వాళ్ల బండీ మునిగింది. "నాకు అయిదేళ్ల ఇన్సూరెన్స్ ఉందిరా" అని ధీమాగా ఉన్నాడు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి అయిదేళ్లు తప్పనిసరిగా కట్టిస్తున్నది థర్డ్ పార్టీ మాత్రమే. షోరూంలో దాంతో పాటు ఇచ్చే ఓన్ డ్యామేజ్ చాలామందికి ఒక్క ఏడాదే. కాగితంలో రెండు తేదీలూ పక్కపక్కనే ఉంటాయి, మనం పెద్దది చూసి మడిచి పెట్టేస్తాం. అన్నయ్యకి రూపాయి రాలేదు. ఇది చదువుతున్నవాళ్లు లేచి మీ కాగితంలో ఆ ఓన్ డ్యామేజ్ తేదీ ఎప్పటితో అయిపోయిందో చూసుకోండి, తర్వాత చదవచ్చు.

ఆ అక్టోబరులో రెన్యువల్‌కి ఇంజిన్ ప్రొటెక్ట్ ఉన్న కంపెనీ వెతుక్కుని మారాను. టూ వీలర్‌కి అందరూ ఇవ్వరు. నాకు పడింది ఏడాదికి రెండు వందల లోపే. నీళ్లు ఇంజిన్‌లోకి వెళ్లడం, ఆయిల్ కారిపోవడం వల్ల లోపలి భాగాలు పాడైతే ఇస్తుంది. మా ఊరికి ఇంతకన్నా పనికొచ్చే రెండు వందలు ఇంకొకటి లేవనిపించింది. జీరో డెప్‌ని పొగిడినట్టే దీన్నీ పొగిడాను.

2024 సెప్టెంబరులో దాని అవసరం పడింది. వానలకి డ్రెయిన్ పొంగి రోడ్డు మీదికి వచ్చింది. లోతు అంచనా తప్పింది, బండి మధ్యలో గుడగుడమని ఆగిపోయింది. చెయ్యి అలవాటుగా సెల్ఫ్ బటన్ మీదికి వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను. తాళం తీసి జేబులో వేసుకుని, నీళ్లలో ఉండగానే రెండు ఫోటోలు తీసి, వానలో కిలోమీటరున్నర తోసుకుంటూ వెళ్లాను. అక్కడి నుంచి ట్రాలీ ఆటోలో అమలాపురం. పరిశీలన అయ్యేదాకా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వలేదు. ఈసారి అదే ప్రశ్న అడిగారు, "లేదండి" అన్నాను. విప్పడం, కడగడం, గాస్కెట్లు, ఆయిల్ కలిపి 3,150 అయింది, 2,600 చేతికొచ్చింది.

చాలా సంతోషించాను. కానీ నిజం చెప్పాలి కదా. బిల్లు మూడు వేలతో తేలింది కవర్ వల్ల కాదు, నేను స్టార్ట్ చెయ్యకపోవడం వల్ల. ఆ కవర్ లేకపోయినా నాకు పోయేది ఇంకో 2,600. కవర్ ఉంది కదా అని కిక్కు కొట్టుంటే పెద్ద బిల్లుకి వాళ్లేమనేవారో నేను పరీక్షించలేదు. మునిగాక బలవంతంగా స్టార్ట్ చేస్తే తగ్గించే షరతులు అందులోనూ ఉన్నాయి.

చిన్న క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏడాదికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుందని చాలామంది వెనకాడతారు. అదేమీ తక్కువది కాదు, మొదటి ఏడు 20 శాతంతో మొదలై 50 దాకా పెరుగుతుంది. కానీ ఆ శాతం ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే. నా బండికి ఆ ప్రీమియమే ఏడాదికి ఏడెనిమిది వందలు. రెండు వందల కోసం 2,600 వదులుకోవడం నాకు సబబనిపించలేదు. ఇండికేటర్ విరిగితే మాత్రం నేను అడగను. కారుకి ఈ లెక్క వేరు.

2024 అక్టోబరుకి బండికి అయిదేళ్లు నిండాయి. ఇంజిన్ ప్రొటెక్ట్ ఇక ఇవ్వం అన్నారు, జీరో డెప్ కూడా. నేను అంతగా మెచ్చుకున్న రెండూ ఒకే రోజున పోయాయి. థర్డ్ పార్టీ అయిదేళ్ల గడువూ అప్పుడే అయిపోయింది. మా 125కి అప్పుడు అది 714, పన్నుతో 843. ఐడీవీ, అంటే పాలసీలో బండికి కట్టిన విలువ, ఇప్పుడు 27,000. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండి మొత్తం పోయినట్టే లెక్కేస్తారు. అంటే 2022లో అయినంత బిల్లు, అదీ అంతా పాలసీలో ఉన్న నష్టమే అయితే, ఇప్పుడు బాగుచేయించరు, ఆ ఇరవై ఏడు వేలు చేతిలో పెట్టి బండి తీసుకుపోతారు. నా బండి నాకు అంతకన్నా ఎక్కువే.

అయినా ఓన్ డ్యామేజ్ కడుతూనే ఉన్నాను, నేను ఉండేది లంకలో కాబట్టి. రాజమండ్రిలో మెట్ట మీద ఇల్లుండి, పాత బండి మీద బజారుకి వెళ్లొచ్చేవాళ్లకి థర్డ్ పార్టీ, దాంతో పాటు నడిపేవాడికి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ సరిపోతాయేమో. కాలవ గట్ల మీద రాత్రిపూట తిరిగేవాళ్లు మాత్రం ఈ రెండోది వదలొద్దు, లైసెన్సు గడువు అయిపోకుండా చూసుకోండి, అది లేకపోతే ఆ కవర్ చెల్లదు. కొత్త బండి, ఏటిగట్టు లోపల ఇల్లు అయితే జీరో డెప్, ఇంజిన్ ప్రొటెక్ట్‌లలో ఒకటే కట్టగలిగితే నేనైతే రెండోదే కడతాను.

ఇప్పుడు ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే బండిని అరుగు మీద పెట్టను, ఊరు దాటించి గట్టు మీదికి తీసుకుపోతాను. తాళం తగిలించే మేకు పక్కన గోడ మీద మా అమ్మాయి చేత స్కెచ్ పెన్నుతో రాయించాను: ‘మునిగితే స్టార్ట్ చెయ్యొద్దు. ముందు ఫోటో, తర్వాత ఫోన్.’ కింద కంపెనీ నంబరు. మొన్న మా బావమరిది వచ్చి తాళం తీసుకుంటూ అది చదివి, కాసేపు అక్కడే నిలబడి, తన ఫోన్‌లో ఫోటో తీసుకుని వెళ్లాడు.