పాత 20 గిగాహెర్ట్జ్ సిగ్నల్ జనరేటర్: పల్స్‌లో పెట్టాక పవర్ అంకెను ఎంత నమ్మొచ్చు?

అనంతపురంలో మా మైక్రోవేవ్ ల్యాబ్ బెంచి మీద చాలా ఏళ్లుగా నడుస్తున్నది 1990ల నాటి సింథసైజ్డ్ సిగ్నల్ జనరేటర్, 2 నుంచి 20 గిగాహెర్ట్జ్ దాకా. సెకండ్ హ్యాండ్‌లో వచ్చింది. మోడల్ పేరు రాయడం లేదు. యిగ్ ఆసిలేటర్ (అయస్కాంత క్షేత్రంతో ఫ్రీక్వెన్సీ మార్చేది), పిన్ డయోడ్ మాడ్యులేటర్ (కరెంటుతో పవర్‌ను పెంచి తగ్గించేది), 10 డీబీ మెట్ల అటెన్యుయేటర్ (పవర్‌ను మెట్లు మెట్లుగా తగ్గించేది) ఉన్న ఆ తరం పెట్టెలన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. సీడబ్ల్యూలో, అంటే సిగ్నల్ ఆగకుండా వస్తున్నప్పుడు, దీని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు: ఫ్రీక్వెన్సీ కొడితే అక్కడే నిలబడుతుంది, పవర్ కొడితే మీటరులో కాస్త అటూ ఇటూగా అదే కనిపిస్తుంది. అసలు సంగతంతా సిగ్నల్‌ను ముక్కలుగా ఆన్, ఆఫ్ చేసే పల్స్ బటన్ నొక్కాకే.

పవర్‌ను అడిగిన చోట నిలబెట్టేది లెవెలింగ్ లూప్. అవుట్‌పుట్ దగ్గర ఒక కప్లర్ కొంచెం పవర్‌ను పక్కకు తీసి, దాన్ని వోల్టేజీగా మార్చే డిటెక్టర్‌కు ఇస్తుంది. ఆ వోల్టేజీని మనం అడిగిన లెవెల్‌తో పోల్చి, తేడాను ఇంటిగ్రేటర్ కూడబెట్టి, మాడ్యులేటర్‌ను ఆ మేరకు తెరుస్తుంది లేదా మూస్తుంది. పల్స్ లేనప్పుడు డిటెక్టర్‌కు ఏమీ కనపడదు. లూప్‌ను అలాగే వదిలేస్తే పవర్ పడిపోయిందనుకుని పూర్తిగా తెరిచేస్తుంది, తర్వాతి పల్స్ నెత్తిన పెద్ద ఓవర్‌షూట్ వస్తుంది. అందుకే పల్స్ ఉన్నంతసేపే లూప్ కలిసి, మిగతా సమయం ఇంటిగ్రేటర్ తన వోల్టేజీని పట్టుకుని ఉండేలా కట్టారు.

ఈ ఏర్పాటు రెండు చోట్ల బెసుకుతుంది. పల్స్ మరీ సన్నమైతే డిటెక్టర్, దాని వెనక యాంప్లిఫయర్ స్థిరపడేలోపే పల్స్ అయిపోతుంది. మా పెట్టెలో 1 మైక్రోసెకను పైన బెంగ లేదు. అక్కడి నుంచి కిందికి వస్తుంటే లెవెల్ కొద్దికొద్దిగా తప్పుతుంది. 100 నానోసెకన్ల కింద డిస్‌ప్లే అంకె అలంకారమే. రెండోది, పల్సుల మధ్య ఎడం మరీ ఎక్కువైతే పట్టుకున్న వోల్టేజీ మెల్లగా కారిపోతుంది. సెకనుకు పదో ఇరవయ్యో పల్సులు పెట్టి చూడండి, ప్రతి పల్స్ మొదటి భాగం వంకరగా వస్తుంది. సెమీకండక్టర్ లీకేజీ సుమారు ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపవుతుంది కాబట్టి మన ఏప్రిల్, మే ఎండల్లో ఏసీ లేని గదిలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది.

సన్నని పల్సులకు దారి సెర్చ్ మోడ్. ముందు ఒక్క క్షణం పల్స్ ఆపి సీడబ్ల్యూలో లెవెల్ సరిచేసుకుని, ఆ మాడ్యులేటర్ కరెంటును అలాగే బిగించి, లూప్‌ను విడదీసి పల్స్ మొదలుపెడుతుంది. బాగా పనిచేస్తుంది, కానీ ఫ్రీక్వెన్సీ మార్చిన ప్రతిసారీ, పెట్టె వేడి మారినప్పుడల్లా మళ్లీ సెర్చ్ చేయించాలి. ఆ ఒక్క క్షణం పూర్తి సీడబ్ల్యూ పవర్ బయటికి వెళ్తుందన్న సంగతి మాత్రం మరవొద్దు. తక్కువ డ్యూటీ (మొత్తం సమయంలో పల్స్ ఉండే వాటా) పల్స్‌నే తట్టుకునే యాంప్లిఫయరో, సున్నితమైన రిసీవరో అవతల ఉంటే సెర్చ్ అయ్యాకే తగిలించండి.

ఎక్కువ మంది తికమకపడేది కొలతల దగ్గర. మామూలు పవర్ మీటరు చూపేది సగటు. 1 మైక్రోసెకను పల్స్, 1 కిలోహెర్ట్జ్ రిపిటిషన్ అంటే డ్యూటీ 0.1 శాతం, అంటే 30 డీబీ తేడా. పల్స్ ఎత్తు 0 డీబీఎం (1 మిల్లీవాట్) ఉంటే మీటరులో మైనస్ 30. వేడిని బట్టి పవర్ కొలిచే థర్మోకపుల్ సెన్సర్‌కు అది అట్టడుగు, అంకె ఊగుతూ ఉంటుంది. సరే అని డయోడ్ సెన్సర్ పెడితే సగటు దాని పరిధిలోనే ఉన్నా, శిఖరం స్క్వేర్ లా హద్దు (డయోడ్ వోల్టేజీ పవర్‌కు అనులోమంగా ఉండే పరిధి చివర) అయిన మైనస్ 20 డీబీఎంను ఎప్పుడో దాటింది. అంకె నిలకడగా ఉంటుంది, తప్పుగా ఉంటుంది. ముందు 30 డీబీ ప్యాడ్ (స్థిర అటెన్యుయేటర్) పెడితే శిఖరం మైనస్ 30కి, సగటు మైనస్ 60కి దిగుతాయి. మైనస్ 70 దాకా చదివే సెన్సర్‌కు ఇబ్బంది లేదు. థర్మోకపుల్ ఒక్కటే ఉంటే 10 మైక్రోసెకన్లు, 10 కిలోహెర్ట్జ్ పెట్టి, మైనస్ 10 రావాలని చూసుకోవచ్చు. స్పెక్ట్రమ్ అనలైజర్‌లో లైన్లు విడివిడిగా కనపడేంత సన్నని బ్యాండ్‌విడ్త్ పెడితే తేడా 30 కాదు, 60 డీబీ. అక్కడ లెక్క డ్యూటీకి 10 లాగ్ కాదు, 20 లాగ్.

అన్నింటికన్నా నమ్మకమైనది క్రిస్టల్ డిటెక్టర్, స్కోపు. సీడబ్ల్యూలో డిటెక్టర్ గీత ఎత్తు గుర్తు పెట్టుకోండి, పల్స్ ఆన్ చేయండి, పల్స్ తల అదే ఎత్తుకు రావాలి. స్క్వేర్ లా హద్దులో ఉంటే ఎత్తులో 5 శాతం తేడా అంటే 0.2 డీబీ. స్కోపును 1 మెగా ఓమ్ మీద వదిలేస్తే మాత్రం పల్స్ అంచులు దీనంగా కనిపిస్తాయి. డిటెక్టర్ వీడియో రెసిస్టెన్స్ (దాని అవుట్‌పుట్ వైపు రెసిస్టెన్స్) 1 కిలో ఓమ్ పైమాట, ఒక మీటరు పొడవు ఆర్‌జీ 58 కేబుల్ దాదాపు 100 పికోఫారడ్‌లు. ఆ రెండూ కలిసే 200, 300 నానోసెకన్ల అంచు తయారుచేస్తాయి. జనరేటర్ పాపం అందులో ఏమీ లేదు. 50 ఓమ్స్ టెర్మినేషన్ పెడితే అంచు నిటారుగా నిలబడుతుంది. వోల్టేజీ మాత్రం ఇరవయ్యో వంతుకో ఇంకా కిందికో పోతుంది, స్కోపులో మిల్లీవోల్టు స్కేలు కావాలి. వెడల్పు కొలిచేటప్పుడు ఇంకొక మెలిక: ఆర్ఎఫ్ ఎన్వలప్ సగం వోల్టేజీ అంటే పవర్‌లో నాలుగో వంతు. కాబట్టి స్క్వేర్ లా డిటెక్టర్ గీతలో చూడాల్సింది 50 శాతం దగ్గర కాదు, 25 శాతం దగ్గర.

పల్స్ ఇన్‌పుట్ 50 ఓమ్స్ అయితే ఆర్డువినో పిన్ నేరుగా పెట్టొద్దు. 5 వోల్టులకు 100 మిల్లీఆంపులు కావాలి, ఆ పిన్ అంత ఇవ్వలేదు. ఆరు ఇన్వర్టర్ గేట్లున్న 74ఏసీ04 చిప్‌లో ఒక గేటుతో మిగతా అయిదింటిని సమాంతరంగా నడిపిస్తే సరిపోతుంది. సప్లయ్ కాళ్ల పక్కనే 0.1 మైక్రోఫారడ్ పెట్టండి.

కేబుల్ చివర లెవెల్ కావాలంటే ఎక్స్‌టర్నల్ లెవెలింగ్, అంటే లూప్ డిటెక్టర్‌ను పెట్టె బయట పెట్టడం. కప్లర్ గానీ పవర్ స్ప్లిటర్ గానీ, దానికి డిటెక్టర్. మా పెట్టె నెగటివ్ వోల్టేజీ ఇచ్చే డిటెక్టర్‌నే ఒప్పుకుంటుంది. స్ప్లిటర్ రెండు రెసిస్టర్లది కావాలి. మూడు రెసిస్టర్ల పవర్ డివైడర్ చూడ్డానికి అలాగే ఉన్నా, లెవెలింగ్‌లో సోర్స్ మ్యాచ్ (సోర్స్ 50 ఓమ్స్‌లా కనపడటం) చెడగొడుతుంది. గన్ డయోడ్ ఆసిలేటర్ బెంచి మీద 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్, వీఎస్‌డబ్ల్యూఆర్ (స్టాండింగ్ వేవ్ నిష్పత్తి) మీటరుతో పనిచేసే విద్యార్థులకు ఈ తంటా అక్కర్లేదు. అక్కడ చూసేది నిష్పత్తి మాత్రమే.

లెవెల్ నిలవలేదని చెప్పే అన్‌లెవెల్డ్ దీపం వెలిగితే ముందు పవర్ 3 డీబీ తగ్గించి చూడండి. ఆరితే అడిగింది ఎక్కువన్నమాట. కొన్ని ఫ్రీక్వెన్సీల్లోనే వెలుగుతుంటే యిగ్ ఫిల్టర్ ఆసిలేటర్ వెంట సరిగ్గా నడవడం లేదు. అరగంట వేడెక్కాక పీకింగ్ (ఫిల్టర్‌ను మళ్లీ ఆసిలేటర్‌కు సరిచేయడం) చేయిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. ఎండాకాలంలో ఎర్రదుమ్ము ఫ్యాన్ ఫిల్టర్‌ను వారంలోనే మూసేస్తుంది, పీకింగ్ అటూ ఇటూ కావడానికి అదొక కారణం. కరెంటు పోతే 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ క్రిస్టల్‌ను వెచ్చగా ఉంచే ఓవెన్ కూడా చల్లారిపోతుంది కాబట్టి స్టాండ్‌బైని సైతం యూపీఎస్ మీదే ఉంచాలి.

పాతది కొనాలనుకుంటే, 1 మైక్రోసెకను పైన పల్సులు, యాంటెనా, రిసీవర్ పరీక్షలకు నిశ్చింతగా కొనొచ్చు. 50 నానోసెకన్ల రాడార్ పల్సుల కోసమైతే వద్దు. బెంగళూరు వెళ్లి చూసుకునేటప్పుడు డిటెక్టర్ వెంట తీసుకెళ్లండి, ప్రతి బ్యాండ్‌లోనూ సీడబ్ల్యూ ఎత్తు, పల్స్ ఎత్తు పక్కపక్కన చూడండి. అటెన్యుయేటర్‌ను 10 డీబీ చొప్పున చివరిదాకా దించండి, ఏ మెట్టు దగ్గరైనా అంకె ఎగిరితే లోపల కాంటాక్ట్ అరిగింది. 3.5 మిల్లీమీటర్ల అవుట్‌పుట్ కనెక్టర్ నడిమి పిన్‌ను భూతద్దంలో చూడండి. ఇంటికి తెచ్చాక దాని మీద ఒక కనెక్టర్ సేవర్ (అరుగుదలను తాను భరించే చిన్న అడాప్టర్) బిగించేసి, 0.9 న్యూటన్ మీటర్ల టార్క్ రెంచి తప్ప మామూలు స్పానరు దగ్గరికి రానివ్వకండి.