మైసూరులో సీటు దొరకాలంటే

మైసూరులో పేరున్న పాత హోటళ్లకు ఫోను చేసి టేబులు ఉంచమంటే పని జరగదు. "బన్ని, బన్ని" అని నోరారా రమ్మంటారు గానీ కుర్చీ ఒక్కటీ ఆపరు. పెద్ద హెరిటేజ్ హోటళ్ల సంగతి వేరు, అక్కడ ముందుగా చెబితే టేబులు ఉంచుతారు. కానీ మనం అంత దూరం వెళ్లేది మైలారి దోసె కోసం గానీ పనీర్ బటర్ మసాలా కోసం కాదు కదా!

నజర్‌బాద్‌లో ఆ దోసెకు పేరుపడ్డ హోటలు వినాయక మైలారి చూస్తే ఇంత పేరుకి ఇంత చిన్న గదా అనిపిస్తుంది. పైగా అక్కడే ఇంకో మైలారి కూడా ఉంది. అసలైనది మాదంటే మాదంటాయి రెండూ. రెండింట్లోనూ తిన్నాం. నాకైతే తేడా తెలియలేదు, మా తోడల్లుడు మాత్రం ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాడు. దోసె దూదిలా మెత్తగా ఉంటుంది. పైన వెన్నముద్ద, లోపల సాగు అనే ఉల్లిపాయ కూర, పక్కన కొబ్బరి చట్నీ. కరకరలాడే నెయ్యి దోసె అలవాటైనవాళ్లకు మొదటి దోసె కొంచెం చప్పగా అనిపించవచ్చు. రెండోది మాత్రం అడక్కుండా లేవరు.

మేం వెళ్లినప్పుడు టోకెన్లూ లేవు, పేర్లు రాసుకునేవాళ్లూ లేరు. తినేవాళ్ల వెనక నిలబడి, వాళ్లు లేవగానే కూర్చోవడమే. మొహమాటపడితే పస్తే. ఎదురుగా ముక్కూమొహం తెలియనివాళ్లు కూర్చుంటారు, అక్కడ అది మామూలు. అందరం ఒకేచోట కూర్చోవాలని మా అత్తయ్యగారు పట్టుబట్టినంతసేపూ మాకు సీటు దొరకలేదు. ఇద్దరిద్దరుగా విడిపోయాక పది నిమిషాల్లో అందరి ముందూ దోసెలున్నాయి. కూర్చోగానే ఎన్ని కావాలో మొత్తం చెప్పేయండి. పెనం మీద వాయి వాయిగా వేస్తారు కాబట్టి, ఒక వాయి తప్పితే తర్వాతిదాని దాకా ఖాళీ ఆకు చూస్తూ కూర్చోవాలి.

ఆదివారం పొద్దున రద్దీ ఇదివరకటికంటే బాగా పెరిగింది. 2023 మార్చిలో బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మొదలయ్యాక ప్రయాణం గంటన్నరకు దిగింది. దాంతో బెంగళూరువాళ్లు టిఫిన్ కోసమే కారేసుకుని వచ్చేస్తున్నారు. వాళ్లు చేరేలోపు, అంటే ఏడున్నరకల్లా, మీరు తినడం మొదలుపెట్టాలి. మంగళవారం ఇంకా నయం. ఆ రోజు జూకి సెలవు, అందుకని చాలా టూర్లు ఆ రోజును తప్పిస్తాయి.

మధ్యాహ్నానికి గాంధీ స్క్వేర్‌లో హోటల్ ఆర్ఆర్ఆర్. ఆంధ్రా భోజనం, అరిటాకు, పప్పు, పొడి, నెయ్యి. ఇంటి తిండి కోసం ఇంత దూరం రావాలా అని నేను సణిగాను గానీ, పిల్లలు అప్పటికే కన్నడ సాంబారులోని బెల్లం తీపికి మొహం మొత్తి ఉన్నారు. ఒంటిగంటకు వెళితే గుమ్మం దగ్గరే జనం. పన్నెండున్నరలోపు వెళ్లండి, లేదా మూడు దగ్గరపడ్డాక. ఆలస్యంగా వెళితే కూరల్లో ఒకటి రెండు అయిపోయి ఉండొచ్చు, అదొక్కటే ఇబ్బంది. బిర్యానీ బాగుంది, హైదరాబాద్‌తో పోల్చకుండా తింటే.

ఆదివారం రాత్రి భోజనానికి ఇంకో చిక్కుంది. ఏడింటికి ప్యాలెస్‌కి లక్ష దాకా బల్బులు వెలుగుతాయి. అవి ఆరగానే అంత జనమూ ఒక్కసారి ఆకలితో రోడ్డెక్కుతారు. చుట్టుపక్కల హోటళ్లన్నీ క్షణాల్లో నిండిపోతాయి. దీపాలు వెలిగిన పావుగంటకే మేం బయటపడ్డాం. మా ఆవిడకు అది ఇష్టం లేకపోయినా, నిలబడే పని లేకుండా వేడివేడిగా తిన్నాం. దీపాలు చివరిదాకా చూడాలనుకుంటే ఆరింటికే తినేసి వెళ్లండి.

బస విషయంలో నా మాట ఒక్కటే: గాంధీ స్క్వేర్‌కీ నజర్‌బాద్‌కీ నడిచివెళ్లేంత దూరంలో గది తీసుకోండి. గది చిన్నదైనా, కింద ఆటోల మోత ఉన్నా పర్వాలేదు. ఒక రాత్రి ఊరి బయట రింగ్ రోడ్డు పక్కన రిసార్ట్‌లో ఉన్నాం. ఈతకొలను బాగుంది, ఉచిత బ్రేక్‌ఫాస్ట్ చల్లారిపోయి ఉంది. ఊళ్లోకి బయల్దేరేసరికి తొమ్మిది దాటింది, ఇక మైలారి ముందు నిలబడే ఓపిక ఎవరికీ లేదు. టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నవాళ్లు హోటలు పేరు డ్రైవర్‌కి ముందే చెప్పి ఖాయం చేసుకోండి. "అక్కడ పార్కింగ్ లేదు సార్, నేను మంచి చోటికి తీసుకెళ్తా" అంటే ఆ మంచి చోటు ఎవరికి మంచిదో ఆలోచించుకోవాలి. పార్కింగ్ లేదన్నది నిజమే, అందుకే నడవమంటున్నా.

దసరాకి వెళ్లేవాళ్లకు ఇవేవీ పనికిరావు. విజయదశమినాడు జంబూసవారి, అంటే ఏనుగుల ఊరేగింపు, ప్యాలెస్ నుంచి సయ్యాజీరావు రోడ్డు మీదుగా బన్నిమంటపం దాకా సాగుతుంది. ఆ దారులన్నీ మూసేస్తారు. ఆ రోజుకి గదిలో అరటిపళ్లూ బ్రెడ్డూ పెట్టుకోవడమే తెలివి.

దేవరాజ మార్కెట్ దగ్గర గురు స్వీట్స్‌లో కూర్చునే గొడవే లేదు. మైసూర్ పాక్‌ని మొదట చేశాడని చెప్పే ప్యాలెస్ వంటవాడు కాకాసుర మాదప్ప వంశంవాళ్ల దుకాణం అది. వరస పొడుగ్గా కనిపిస్తుంది గానీ చకచకా కదులుతుంది. ఎవరికెంతో ముందే లెక్కేసుకుని ఒకేసారి తూయించుకోండి, వెనకవాళ్లు ఊరుకోరు.